మయన్మార్ బాధితులకు మా ఊరి సాయం ఏ దారిన పంపాలి?

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చాక, సోంపేట దగ్గర మా సంఘం తరఫున డబ్బు, కొత్త టార్పాలిన్లు పోగుచేశాం. 2018 తిత్లీ తుపానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయినప్పుడు ఎవరెవరో పంపిన పట్టాల కిందే పడుకున్నాం, అందుకే అడగ్గానే ఊరంతా ఇచ్చారు.

మయన్మార్‌కి మన ప్రభుత్వం సాయం పంపిన ఆపరేషన్ బ్రహ్మ కింద విశాఖ నుంచి వెళ్లే నేవీ ఓడలో వేయిద్దామని అడిగితే ప్రైవేటు సరుకుకి ఉత్తర్వుల్లేవన్నారు. బ్యాంకులోనేమో విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) వ్యక్తులకే, సంఘం ఖాతాకి కుదరదన్నారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి లేకుండా బయటి దేశంలో ఖర్చుపెడితే పన్ను మినహాయింపుకి ఇబ్బందని ఆడిటర్ చెప్పారు. పట్టాల కట్టలు రామమందిరం అరుగు మీదే ఉన్నాయి, మయన్మార్‌లో వానలు మొదలైపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి ఊరి విరాళాన్ని ప్రభుత్వ సాయంతో కలిపిగానీ, రెడ్ క్రాస్ ద్వారాగానీ విదేశానికి చేర్చినవాళ్లుంటే, ముందు ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చెప్తారా?