గొడ్డేరిలో ఉన్నది ఏ ఏరు?

లంకవాసి: శ్రీనాథుడి చాటువు ఉంది కదండీ, అదే, కృష్ణ ఒడ్డున గుత్తకి తీసుకున్న పొలం వరదపాలై శిస్తు బాకీ పడ్డప్పటి పద్యం. మొన్న గోదారికి ఎర్రనీరొచ్చి మా లంకలో కంద, అరటి మునిగితే మా నాన్న గట్టు మీద నిలబడి "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి" అని ఆగిపోయేడు, వెనకదీ ముందుదీ గుర్తు రాలేదాయనకి. నాలుగు రోజుల్నించి నా బుర్రలోనూ అదే తిరుగుతోంది. మోసపోతి సరే, ఈ గొడ్డేరి ఏంటండీ? అందులో ఏరు నదా, నాగలా?

పంతులుగారబ్బాయి: రెండూ కాదు. ఏరి అంటే ఏరుకుని. గొడ్డునేలని ఏరి కోరి గుత్తకి తీసుకుని మోసపోయానంటున్నాడు. సింపుల్.

దమ్ముచక్రం: అంత సింపులైతే కవిసార్వభౌముడు ఎందుకయ్యాడండీ. ఏరు అంటే ఎడ్లు కట్టి సిద్ధం చేసిన నాగలి, ఏరువాక పున్నమిలో ఉన్నదదే. గొడ్డు అంటే పశువు. గొడ్డుని ఏరుకి కట్టి చాకిరీ చేసి చివరికి మోసపోయాడు. మా తాత పొద్దున్నే "ఏరు కట్టేర్రా?" అనే అడిగేవాడు, దమ్ము ట్రాక్టర్లొచ్చేక మా వీధిలో ఆ మాటే వినపళ్లేదు.

లంకవాసి: ఏరువాకలో నది కాదా? వాక అన్నా వాగే కదా, తొలి వరదనీరు దిగే వేళ అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ.

బండిరా: ఆయ్, ఇక్కడ ఆగండి. నది ఏఱు, బండి ఱ, అంటే ఒత్తి పలికే పాత ర. నాగలి ఏరు, మామూలు ర. తమిళంలో నది ఆఱు, నాగలి ఏర్, రాతలో ఇప్పటికీ రెండు ర లూ వేరే. మనం పలకడం మానేశాం గానీ జాడ పోలేదు. నూఱు నూటికి, ఏఱు ఏటికి, బండి ఱ ఇలా ట అయిపోతుంది. ఊరు ఊరికే ఉంటుంది, ఊటికి అవ్వదు. మీ నాన్నగారు నిలబడ్డ ఏటిగట్టే సాక్ష్యం! నదైతే ఏటివాక అనేవాళ్లం, పద్యంలోనూ గొడ్డేటి అని ఉండేది. నదిని కొట్టెయ్యండి.

పంతులుగారబ్బాయి: చూశారా, నా అర్థమే నిలబడింది. ఇంక మీ బండి ఱ తో పనిలేదు.

బండిరా: ఏరు దాటి తెప్ప తగలేసే రకం మీరు. (ఇది ఏఱు.)

దమ్ముచక్రం: పోయింది నది, నాగలి కాదు కదా.

పంతులుగారబ్బాయి: నాగలైతే గొడ్డేరు కట్టి అనాలి. నామవాచకానికి ఆ చివర ఇకారం ఎక్కణ్ణించి వచ్చింది?

గీతం: ఛందస్సుని అడుగుదామని కూచున్నా, అదీ తేల్చలేదు. సీసం కింది తేటగీతి ఇది. గొడ్డేరి తగణం (రెండు గురువులు, ఓ లఘువు), గొడ్డేటి అన్నా తగణమే. పోనీ ప్రాస, అదే పాదాల రెండో అక్షరాల పోలిక, పట్టిస్తుందా అంటే గీతికి ప్రాస నియమమే లేదాయె. రాజమండ్రిలో కూచుని నన్నయగారు ర, ఱ ప్రాసలో కలవకుండా అంత జాగ్రత్తపడ్డారు, మనకి కావల్సిన మాటేమో ఇలా పాదం మధ్యలో దాక్కుంది.

పొగడచెట్టు: అందరూ చివరి గీతం మీదే పడ్డారు, సీసంలో పొగడదండ ఎవరికీ పట్టదేం? డిగ్రీ దాకా అది పూలదండే అనుకున్నాన్నేను. శిస్తు కట్టనివాళ్ల మెడకి తగిలించే శిక్షట! మా అమ్మమ్మగారింట్లో పొద్దున్నే చెట్టు కింద పూలు ఏరుకొచ్చి దండ గుచ్చేవాళ్లం, వాడిపోయినా వాసన పోదు. ఎదురెండలో, వీధిలో, మెడకి ఆ బరువేసుకుని "కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా" అన్నాడండీ మహానుభావుడు. రెడ్డిరాజుల దగ్గర రాజమండ్రిలో వైభోగం చూసినవాడు, ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి కీర్తించినవాడు, చివరికి 700 టంకాల (నాణేల) బాకీకి తలొంచుకుని నిలబడ్డాడు. అయినా ఎగతాళి మానలేదు.

పంతులుగారబ్బాయి: పూలు "ఏరుకొచ్చి" అన్నారు మీరు. అదే నా ఏరి.

దమ్ముచక్రం: శ్రీనాథుడు కృష్ణ ఒడ్డుకి పోకుండా మన దగ్గరే ఉండిపోవల్సింది.

లంకవాసి: ఉంటే గోదారి వదిలేదా ఏంటి. 86 వరదలో మా పాక కప్పు తప్ప ఏం మిగల్లేదంటారు మా వాళ్లు.

బండిరా: విషయానికొద్దాం. అచ్చులో ర ఉందని మురిసిపోకండి, ఱ ని ర చేసి అచ్చెయ్యడం మనకి మామూలే. అంటే నది అర్థం కూడా పూర్తిగా పోలేదేమో.

దమ్ముచక్రం: కొట్టెయ్యమన్నది తమరే కదండీ!

లంకవాసి: నీరు తీసిందండీ ఇవాళ. నాన్ననే అడిగేశాను. "గొడ్డేరంటే గొడ్డేరేరా, కంద కుళ్లేలోపు తవ్వించాలి, మనుషుల్ని కేకెయ్" అన్నాడు. వెళ్తున్నా, సాయంత్రం వచ్చి చదువుతా.

బండిరా: ఒక్క నిమిషం. ఆయన ఆ ర ఎలా పలికారు, ఒత్తి పలికారా?