‘ఫ్లీగర్‌హోర్స్ట్’కి తెలుగు మాట: స్థావరమా, గూడా?

అందరికీ నమస్కారం. నేనుండేది మ్యూనిక్‌లో. ఇక్కడి తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి వచ్చే నెల ఫ్యూర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ వెళ్దామనుకున్నాం. ఎస్4 లోకల్ రైలెక్కితే పడమటి వైపు అరగంటకి అటూఇటూ. అక్కడ పాత సైనిక విమాన స్థలం ఒకటి ఉంది. పిల్లలు చదువుకోడానికి రెండు పేజీలు తెలుగులో రాస్తానని నేనే నోరు జారాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను.

జర్మన్లు దాన్ని ‘ఫ్లీగర్‌హోర్స్ట్’ అంటారు. ఫ్లీగర్ అంటే ఎగిరేవాడు. వైమానిక దళంలో అన్నిటికన్నా కింది ర్యాంకు సిపాయిని కూడా అలాగే పిలుస్తారు. హోర్స్ట్ అంటే గద్దలూ డేగలూ ఎత్తున పుల్లలు పేర్చి కట్టుకునే గూడు. ఇంకా వెనక్కి వెళ్తే ఆ మాటకి పొద, చిట్టడవి అని అర్థం. మామూలు పౌర విమానాశ్రయాన్ని మాత్రం ‘ఫ్లూగ్‌హాఫెన్’ అంటారు. హాఫెన్ అంటే రేవు.

‘వైమానిక స్థావరం’ అని రాస్తే తప్పు లేదు. పేపర్లన్నీ రాసేది అదే. కానీ ఆ మాటలో పక్షి లేదు. పైగా స్థావరం అంటే కదలనిది కదా. ఈ చోటు కథ చూస్తే కదలకుండా ఉన్నది ఒక్కటీ కనపడలేదు నాకు. ఏం రాయమంటారు?

విజయనగరం మాస్టారు:

అమ్మా, మంచి ప్రశ్న. ముందు స్థావరం సంగతి. ‘స్థా’ ధాతువు, నిలబడటం. స్థావర జంగమాలు అని జంటగా వాడేవాళ్లం. చెట్టు, కొండ, ఇల్లు, పొలం స్థావరం. మనిషి, పశువు జంగమం. మా తాతల నాటి దస్తావేజుల్లో ‘స్థావర జంగమ ఆస్తులు’ అనే ఉండేది. తర్వాత అవి స్థిరాస్తి, చరాస్తి అయ్యాయి. దాంతో స్థావరానికి ఆస్తి పని తప్పింది, సైన్యంలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు పేపర్లో స్థావరం అంటే ఒకటి సైన్యానిది, లేకపోతే ఉగ్రవాదులది. పాపం, చెట్టుని స్థావరం అంటే ఎవరికీ అర్థం కాదు.

మీరు చెప్పిన రేవు మాట నాకు నచ్చింది. మనదీ అదే దారి. నౌకాశ్రయం ముందు ఉంది, ఆ మూసలోనే విమానాశ్రయం పోశారు. ఓడ తుఫానులో తలదాచుకునే చోటు ఆశ్రయం. విమానం ఏ తుఫానుకి తలదాచుకుంటుందో గానీ మాట మాత్రం నిలబడిపోయింది.

సికింద్రాబాద్ నుంచి ఒక సభ్యుడు:

మాస్టారూ, మా ఊరి వైపు ఒక మాట ఉంది, మీరు వదిలేశారు. హిందీలో విమానాశ్రయం ‘హవాయి అడ్డా’. అడ్డా అనగానే మనకి అడ్డా కూలీలు, చాయ్ అడ్డా గుర్తొస్తాయి. కానీ హిందీ ఉర్దూల్లో అడ్డాకి ఇంకో పాత అర్థం ఉంది: పెంపుడు పక్షి వాలే కర్ర. జర్మన్ వాడిది గూడు, హిందీ వాడిది వాలే కర్ర. ఇద్దరికీ పక్షే తట్టింది, మనకి ఓడ తట్టింది.

ఇంకోటి. మా సికింద్రాబాద్‌ని పాతవాళ్లు ఇప్పటికీ ‘లష్కర్’ అంటారు. లష్కర్ అంటే సైన్యం. ఆషాఢంలో లష్కర్ బోనాలు అంటుంటే ఎవరికైనా తుపాకులు గుర్తొస్తాయా? నెత్తిన బోనం, చేతిలో వేపమండ, అంతే.

విజయనగరం మాస్టారు:

బాగా పట్టారు. తెలుగు దేశమంతా ‘పాలెం’ అని ఊళ్లున్నాయి కదా. పాళెము అంటే దండు దిగిన చోటు, శిబిరం. పాళెగాడూ ఆ ఇంటివాడే. దండు ఎప్పుడో లేచి వెళ్లిపోయింది. అదే పేరు కింద జనం కాపురాలు పెట్టారు, కొళాయిలు వేశారు, కల్యాణ మండపం కట్టారు. మా జిల్లాలో పాలేల పక్కనే ‘వలస’ అని ముగిసే ఊళ్లు. కొత్తవలస రైల్వే స్టేషన్ మీరు చూసే ఉంటారు. సైన్యం ఆగితే పాలెం, జనం కదిలి వచ్చి ఆగితే వలస.

అమ్మా, మీ ఊరి కథ కాస్త విప్పి చెబితే మాట దానంతటదే దొరకొచ్చు.

మ్యూనిక్ నుంచి:

చెబుతాను మాస్టారూ, కొంచెం పొడుగవుతుంది.

ముందు పేరు. ఫ్యూర్‌స్టెన్‌ఫెల్డ్ అంటే రాచపొలం. బ్రుక్ అంటే వంతెన, ఆంపర్ నది మీదిది. భార్య తప్పు చేసిందన్న అనుమానంతో 1256లో ఆమెను చంపించిన బవేరియా డ్యూక్, రెండో లూడ్విగ్, ప్రాయశ్చిత్తంగా ఆ రాచపొలంలో మఠం కట్టించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీకి వైమానిక దళమే ఉండకూడదంది. అప్పటిదాకా చాటుగా పెంచిన దళాన్ని 1935లో హిట్లర్ ప్రభుత్వం ముసుగు తీసేసి బయటికి ప్రకటించింది. ఆ ఏడాదే ఇక్కడ పని మొదలైంది. కట్టింది వైమానిక యుద్ధ పాఠశాల. అందులో ఒక పొడవాటి భవనం ఉంది, దాన్ని ‘కిలోమీటర్‌బావ్’, అంటే కిలోమీటరు కట్టడం అంటారు. నిజంగా కిలోమీటరు ఉండదు. మనం ‘కొండంత పని’ అన్నట్టే. గద్దగూడు అనే మాటకి గిరాకీ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి అది అమాయకమైన కవిత్వం కాదు, కొంత డప్పు కూడా ఉంది అందులో.

1945లో అమెరికన్లు వచ్చారు. ఇంత పొడుగు పేరు వాళ్ల నాలుక తిరగలేదు, ‘ఫర్‌స్టీ’ చేసేశారు. మనవాళ్లు విశాఖపట్నాన్ని వైజాగ్ చేసుకున్నట్టు. తమాషా ఏంటంటే అమెరికన్లు వెళ్లాక కూడా ఆ ముద్దుపేరు పోలేదు. 1950ల్లో పశ్చిమ జర్మనీకి కొత్త వైమానిక దళం కావాల్సొచ్చినప్పుడు దాని తొలి పైలట్లలో కొందరు అమెరికన్ శిక్షకుల దగ్గర ఇక్కడే జెట్ నేర్చుకున్నారు. 1957లో చోటు జర్మన్ల చేతికి వచ్చింది. 1977లో వైమానిక దళ అధికారుల స్కూలు వచ్చి చేరింది.

మధ్యలో 1972 సెప్టెంబర్ 5 రాత్రి ఉంది. పిల్లల పేజీలో దాన్ని ఎలా రాయాలో ఇంకా తేలలేదు. మ్యూనిక్ ఒలింపిక్ గ్రామంలో పాలస్తీనా సాయుధులు ఇజ్రాయెల్ జట్టు మీద పడి ఇద్దరిని అక్కడే చంపారు, తొమ్మిదిమందిని బందీలుగా పట్టుకున్నారు. రాత్రి రెండు హెలికాప్టర్లలో అందరినీ ఈ ఫ్లీగర్‌హోర్స్ట్‌కి తెచ్చారు. దీపాల వెలుగులో ఒక లుఫ్తాన్సా బోయింగ్ 727 ఎర విమానంగా నిలబడి ఉంది. అందులో కాపు వేయాల్సిన పోలీసులు ఆఖరి నిమిషంలో దిగిపోయారు. సాయుధులు ఎనిమిదిమంది, గురిచూసి కాల్చేవాళ్లు అయిదుగురు. వాళ్ల దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి రేడియోలు కూడా లేవు. బందీలు తొమ్మిదిమందీ చనిపోయారు. టవర్ దగ్గర ఒక పోలీసు కూడా. అయిదుగురు సాయుధులు కూడా. ఆ రాత్రి బయటి ప్రపంచానికి ముందు అందిన కబురేమో ‘బందీలంతా క్షేమం’ అని. క్షేమం అనే మాట అంత అన్యాయంగా వాడటం నేనెక్కడా వినలేదు.

1999లో గేటు ముందు స్మారకం పెట్టారు. 2022లో, యాభయ్యో ఏట, జర్మన్ అధ్యక్షుడు స్టైన్‌మయర్ అదే నేల మీద నిలబడి క్షమించమని అడిగారు.

ఆ తర్వాతిది మన మాటల వేటకి పనికొచ్చే భాగం. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయాక యుద్ధ విమానాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. రన్‌వే వైపు ఇప్పుడు బీఎండబ్ల్యూ వాళ్ల డ్రైవింగ్ శిక్షణ. ఆ కంపెనీ పుట్టిందే విమానాల ఇంజన్లు చేస్తూ, ఆ సంగతి మా అబ్బాయికి చెబితే నమ్మలేదు. ఇంకో పక్క, ఖాళీ అయిన బ్యారక్‌ల్లో 2014–15 నుంచి శరణార్థులు ఉంటున్నారు. అధికారుల స్కూలుని కూడా రోథ్ అనే ఊరికి తరలించాలని సైన్యం నిర్ణయించింది. మిగిలే నేలలో ఇళ్లు కట్టాలని మునిసిపాలిటీ ఆలోచన. ఈ మొత్తం తంతుకి జర్మన్లు పెట్టిన పేరు ‘కొన్‌వెర్జియోన్’. మతం మారడానికీ అదే మాట.

నంద్యాల నుంచి ఒక సభ్యుడు:

అక్కా, దానికి తెలుగు ఎందుకు వెతకడం? నాలా కన్వర్షన్, అంటే సాగు భూమిని వేరే వాడకానికి మార్చుకోవడం! మా నాన్న రియల్ ఎస్టేట్‌లో ఉన్నారు, పొలాన్ని ప్లాట్లు చేయాలంటే మా ఇంట్లో రోజూ వినే మాట అదే. జర్మన్ వాడు గద్దగూటికి నాలా కన్వర్షన్ పెట్టుకున్నాడన్నమాట.

సికింద్రాబాద్ నుంచి:

తమ్ముడూ, నవ్వించావు. కానీ నిజంగానే దగ్గరగా ఉంది.

విజయనగరం మాస్టారు:

అమ్మా, చదివాను. ఒక్క విషయం అడుగుతాను. ఆ బ్యారక్‌ల్లో శరణార్థులు ఉండే చోటుని జర్మన్‌లో ఏమంటారు?

మ్యూనిక్ నుంచి:

‘ఉంటర్‌కున్‌ఫ్ట్’. మాస్టారూ, మీరు అడిగాక ఇప్పుడు తట్టింది. సైనికులు పడుకునే గదులకీ అదే మాట వాడతారు. ఒకే భవనం, ఒకే మాట, మంచాల మీద మనుషులు వేరు.

విజయనగరం మాస్టారు:

అయితే దానికి ‘బస’ అని రాయండి. దండూ బస చేస్తుంది, బాటసారీ బస చేస్తాడు. బసలో సొంతం అన్న అర్థం లేదు.

ఫ్లీగర్‌హోర్స్ట్ విషయంలో నా ఓటు ఇది. విడిగా జర్మన్ మాటే రాసి, పక్కన ‘గద్దగూడు అని ఆ మాటకి అర్థం’ అని ఒక్కసారి చెప్పండి. తర్వాత 1935 నుంచి విమానాలు ఉన్నంతకాలం వైమానిక స్థావరం. శరణార్థుల దగ్గరికి వచ్చేసరికి గూడు అనండి. తెలుగులో గూడు పక్షికే కాదు కదా. కూడు, గూడు, గుడ్డ అంటాం. గోడలో దీపం పెట్టుకునే చోటూ గూడే.

సికింద్రాబాద్ నుంచి:

నేను ఒప్పుకోను మాస్టారూ. అక్కడున్నవాళ్లకి అది గూడు అవునో కాదో వాళ్లు చెప్పాలి. ఎన్నాళ్లు ఉంచుతారో తెలియని చోటుని మనం గూడు అంటే ముద్దుగా ఉంటుంది, అంతే. బస సరిపోతుంది.

మ్యూనిక్ నుంచి:

నాకూ బసే సరిగ్గా అనిపిస్తోంది. గద్దగూడు మొదటి వాక్యంలో ఉంటుంది. 1972కి మాత్రం ఏ పోలికా వద్దనుకుంటున్నా, ఎంతమంది, ఎక్కడ, ఎలా అని మామూలుగా రాస్తాను. ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను.

విజయనగరం మాస్టారు:

పెట్టండి. ‘బ్రుక్’ అనే రాయండమ్మా, కొందరు ‘బ్రక్’ అంటున్నారు. వంతెన విరిగిపోయినట్టుంది.