అబ్బాయి ఇంట్లో బొగ్గు బాయిలర్: చిమ్నీయా, గోడకి ఫ్యానా?

గంటస్తంభం_పిన్ని:
మాది విజయనగరం. మా అబ్బాయి అమెరికాలో స్క్రాంటన్ దగ్గర పాత ఇల్లు కొన్నాడు. కింద సెల్లార్లో బొగ్గు బాయిలర్. పైన డబ్బాలో బొగ్గు పోస్తే అదే కొంచెం కొంచెంగా మంటలోకి తోసుకుంటుంది, కాగిన నీళ్ళు పైపుల్లో ఇల్లంతా తిరుగుతాయి. ఆ బొగ్గు పేరు రైస్ కోల్ అట! వీడియోలో చూపించాడు, బియ్యమేటి, శనగబద్దంత ఉంది.

ఇటుకల చిమ్నీ లోపల పెచ్చులూడిపోతోంది. ఒకాయన గోడకి కన్నం పెట్టి ఫ్యానుతో బయటికి తోసేద్దాం, చవకలో అయిపోతుందన్నాడట. ఇంకొకాయన చిమ్నీలో స్టీలు గొట్టం దింపాలంటాడు. మావాడికి ఫ్యానే నచ్చింది. "ఈ బొగ్గుకి పొగే రాదమ్మా" అంటాడు.

నా చిన్నప్పుడు మా పిన్ని బాలింత గదిలో కుంపటి పెట్టి, చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించేశారు. తెల్లారి చూస్తే తల్లీపిల్లా స్పృహలో లేరు. దేవుడి దయ, బతికారు. గదిలో పొగ వాసనే లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి బాబూ.

రాజాం_రాజా:
ఈ రోజుల్లో బొగ్గేటండీ, గ్యాస్ పెట్టించుకోమనండి.

గంటస్తంభం_పిన్ని:
వాళ్ళ వీధికి గ్యాస్ లైను లేదు నాయనా. గీజరుకే సిలిండర్లు తెప్పించుకుంటున్నాడు.

బాయిలర్_తాత_బొబ్బిలి:
అమ్మా, సెకండ్ క్లాసు సర్టిఫికెట్ మీద 31 ఏళ్ళు బాయిలర్ దగ్గరే ఉన్నాను. మీవాడి మాట సగం నిజం. అక్కడిది ఆంత్రసైట్, గట్టి బొగ్గు. నల్లపొగ రాదు, పొట్టి నీలిమంట. భయం అందుకే. పొగొస్తే కళ్ళు మండి లేస్తాం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మీ పిన్నిగారి గదిలో జరిగిందదే.

కరెంటు పోతే బొగ్గు తోసే మోటారు ఆగుతుంది, గాని గ్రేటు మీద, అంటే బొగ్గు కాలే ఇనప జల్లెడ మీద, ఎర్రగా ఉన్న బొగ్గు ఆగదు కదా. ఫ్యాను ఆగితే ఆ విషగాలి ఇంట్లోకే. 2014లో హుద్‌హుద్‌కి మనం కరెంటు లేక ఎలగున్నామో గుర్తుందా? అక్కడ మంచు తుఫానుకీ తీగలు తెగుతాయి. నిలువు చిమ్నీకి కరెంటుతో పనిలేదు, వేడిగాలి తనంతట తనే పైకి లాగేస్తుంది. మేం డ్రాఫ్టు అంటాం. నా ఓటు స్టీలు గొట్టానికే. బొగ్గులో గంధకం ఉంటుంది, మామూలు రేకుని తినేస్తుంది. బొగ్గుకి పనికొచ్చే స్టీలేనా అని అడగమనండి.

బాయిలర్ నుంచి చిమ్నీకి పోయే గొట్టం అడుగుకి పావంగుళం చొప్పున పైకెక్కాలి. మలుపులు ఎంత తక్కువైతే అంత మంచిది. జాయింటుకి 3 స్క్రూలు. ఆ గొట్టం మీద ఊగే రేకు తలుపుంటుంది, బారోమెట్రిక్ డ్యాంపర్. డ్రాఫ్టు మరీ ఎక్కువైతే అది తెరుచుకుని సెల్లార్ గాలిని కలుపుతుంది. టకటకమంటోందని తీగతో కట్టేసే మహానుభావులుంటారు. అలాటి పని చెయ్యొద్దనండి.

నరసన్నపేట_కుర్రాడు:
పిన్నీ, నేను స్క్రాంటన్ దగ్గరే విల్క్స్‌బారీలో ఆరేళ్ళుగా ఇదే బొగ్గు కాలుస్తున్నాను. తాతగారికి దణ్ణం. చిమ్నీ కప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఏమున్నా దానికంటే 2 అడుగులు ఎత్తుండాలి. గ్యాస్ గీజరు గొట్టం ఇదే చిమ్నీలో కలపకూడదు. బయట ఎండ కాసిన రోజు డ్రాఫ్టు పడిపోతుంది, మా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది ఏప్రిల్లోనే, జనవరిలో కాదు. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాల్సిందే.

ఇంకోటి, చలికాలం అయిపోగానే గొట్టంలో బూడిద దులిపెయ్యాలి. తేమ తగిలితే అది ఆమ్లమై రేకుని తింటుంది. ఒక ఏడు బద్ధకించాను. సెప్టెంబరులో చూస్తే గొట్టంలోకి వేలు దిగింది.

గంటస్తంభం_పిన్ని:
అన్నీ మావాడికి చదివి వినిపించాను. మొదట నవ్వాడు. వేలు దిగిందన్న దగ్గర నవ్వు ఆగింది. సెల్లార్లోకెళ్ళి చూస్తే గీజరు గొట్టం అదే చిమ్నీలో ఉందట! స్టీలు గొట్టం ఆయన్ని శనివారం రమ్మన్నాడు. అలారాలు మూడు కొన్నాడు, మోగించి వినిపించమంటే వినిపించాడు కూడా.

బాయిలర్_తాత_బొబ్బిలి:
మంచిదమ్మా. బూడిద ఎక్కడ పోస్తున్నాడో అడిగారా? రేకు డబ్బా, దానికి మూత, ఇంటి బయట. పైకి చల్లగానే ఉంటుంది, లోపల నిప్పు మర్నాటికీ ఉంటుంది.