వెల్డు ప్లేటుకన్నా గట్టిగా ఉంటే 0.7 ఎందుకు?

జీడిమెట్ల డిజైనర్:
అందరికీ నమస్కారం. చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో డిజైన్ చూస్తున్నాను. ఒక ఎయిర్ రిసీవర్ (కంప్రెసర్ గాలి నిలవచేసే ట్యాంకు) ఆర్డరు వచ్చింది. లోపలి వ్యాసం 1200 మి.మీ., డిజైన్ ప్రెషర్ 1 మెగాపాస్కల్, స్టీలు ప్లేటు ఎస్ఏ-516 గ్రేడ్ 70, కరోజన్ అలవెన్సు (తుప్పుకి పోతుందని కలిపే అదనపు మందం) 1.5 మి.మీ. ఆర్టీ (వెల్డు లోపల చూడ్డానికి ఎక్స్‌రే లాంటి ఫిల్ము తీసే రేడియోగ్రఫీ) ఖర్చు వద్దంటున్నారు ఓనరుగారు. అప్పుడు ప్రెషర్ వెసల్స్ కోడ్ అయిన ఏఎస్ఎంఈ సెక్షన్ 8 ప్రకారం జాయింట్ ఎఫిషియెన్సీ 0.7, అంటే వెల్డుని ప్లేటు బలంలో 70 శాతంగానే లెక్కకట్టాలి. కానీ మా పీక్యూఆర్ (వెల్డింగ్ పద్ధతి సరైనదని నిరూపించే పరీక్ష) టెన్సైల్ టెస్టులో ముక్క ప్లేటు దగ్గరే తెగింది, వెల్డు చెక్కుచెదరలేదు. పైగా 1.3 రెట్ల ప్రెషర్‌తో హైడ్రో (నీళ్లు నింపి చేసే ప్రెషర్ టెస్టు) ఎలాగూ చేస్తాం. మరి ఈ 30 శాతం కోత ఎందుకు?

దమ్మామ్ పైపింగ్:
కోడ్‌లో ఉంది, వేసెయ్ బాస్. ఆడిట్‌లో వాదించలేం.

పాత ఇన్‌స్పెక్టర్, విశాఖ:
అలా తేల్చేస్తే ఎలాగండీ, కుర్రాడు మంచి ప్రశ్నే అడిగాడు.

తమ్ముడూ, పీక్యూఆర్ కూపన్ (టెస్టు ముక్క) ఎవరు కొట్టారు? షాపులో అందరికన్నా చెయ్యి తిరిగిన వెల్డరు, పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉండగా. షెల్ లోపల మే నెల ఎండకి వంగి కూర్చుని కొట్టే లాంగ్ సీమ్ (షెల్ పొడవునా ఉండే అతుకు), ఆ కూపనూ ఒకటేనా? 0.7 అనేది వెల్డు మెటల్ బలం కాదు. లోపల ఏముందో ఎవరూ చూడని వెల్డుని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే అంకె. అది కూడా రెండు వైపులా కొట్టిన బట్ వెల్డుకే (అంచుకి అంచు ఆనించి కొట్టేది).

ఒక్కోసారి ఆర్టీ ఫిల్ము వ్యూయర్ మీద పెడితే సీమ్ నడుమ స్కేలుతో గీసినట్టు సన్నని నల్ల గీత కనిపిస్తుంది. రూట్‌లో, అంటే వెల్డు అడుగున, పెనెట్రేషన్ అందలేదన్నమాట. అలాంటి సీమ్ హైడ్రోలో చుక్క కారకుండా నిలబడగలదు. తర్వాత కంప్రెసర్ ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ ప్రెషర్ ఎక్కి దిగుతుంటే పగులు మొదలయ్యేది అక్కడే. హైడ్రో ఆ రోజు సంగతే చెబుతుంది, ఎఫిషియెన్సీని పెంచదు.

ఇక మీ ఓనరుగారికి చూపించాల్సిన లెక్క. ఈ ప్లేటుకి కోడ్ అనుమతించే స్ట్రెస్ 138 మెగాపాస్కల్. 0.7తో షెల్ మందం 6.27, కరోజన్ కలిపితే 7.77 మి.మీ. స్పాట్ ఆర్టీ (అక్కడక్కడ మాత్రమే ఫిల్ము) చేసి 0.85 వేస్తే కరోజన్‌తో 6.65. ఫుల్ చేసి 1.0 వేస్తే 5.88. బజారులో 7 మి.మీ. ప్లేటు అంత తేలిగ్గా దొరకదు, కాబట్టి 0.7కీ 0.85కీ కొనేది అదే 8 మి.మీ. ప్లేటు! ఇక్కడ స్పాట్ ఆర్టీ డబ్బు దండగ. ఆర్టీ మానేసి 8 వాడండి, లేదా లాంగ్ సీమ్ మొత్తం ఫిల్ము తీయించి, సర్క్ సీములకి (షెల్ చుట్టూ తిరిగే అతుకులకి) స్పాట్ చేయించి 6కి దిగండి. సర్క్ సీమ్ మీద స్ట్రెస్ సగమే కాబట్టి దానికి ఫుల్ అక్కర్లేదు.

దమ్మామ్ పైపింగ్:
ఇది బాగుంది సార్. మా పైపింగ్ కోడ్ బి31.3లో ఎఫిషియెన్సీ కాక డబ్ల్యూ అని వెల్డు బలం తగ్గించే ఇంకో ఫ్యాక్టర్ ఉంది. క్రీప్ (ఎక్కువ వేడిలో లోహం మెల్లగా సాగడం) వచ్చే టెంపరేచర్లలో లాంగ్ సీమ్ పైపుకి అది పడుతుంది, ఎంత ఆర్టీ చేసినా పోదు. సీమ్‌లెస్ (అతుకు లేని పైపు) కొంటే ఆ గొడవే లేదు.

జీడిమెట్ల డిజైనర్:
థాంక్యూ సార్. ఆర్టీ మానేసి 8కే వెళ్తాం. డిష్ ఎండ్ (ట్యాంకు కొసన ఉండే గిన్నె ఆకారం మూత) సీమ్‌లెస్, దానికి 1.0 వేసుకోవచ్చు కదా?

పాత ఇన్‌స్పెక్టర్, విశాఖ:
వద్దు! చాలామంది తప్పేది అక్కడే. షెల్‌కి కలిపే సర్క్ సీమ్‌కి స్పాట్ కూడా చేయకపోతే సీమ్‌లెస్ డిష్ ఎండ్‌కీ 0.85 మాత్రమే. 2:1 ఎలిప్సాయిడల్ (దీర్ఘవృత్తాకారం) అయితే మందం కరోజన్‌తో 6.63 మి.మీ. వస్తుంది. ఫార్మింగ్‌లో పలచబడ్డాక కూడా అంత మిగలాలి. డెలివరీ తీసుకునే ముందు నకిల్ (అంచు దగ్గర బాగా వంగే భాగం) దగ్గర అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టి కొలవండి.