రిలేషనల్ థెరపీ శిక్షణలో సెల్ఫ్ అవేర్‌నెస్ ఎలా నేర్పాలి? (12 వారాల మాడ్యూల్)

శనివారం_బ్యాచ్:

సైకాలజీలో పీజీ చేసి కౌన్సెలింగ్ మొదలుపెట్టిన పది మందికి రిలేషనల్ పద్ధతిలో (థెరపిస్టుకీ క్లయింట్‌కీ మధ్య నడిచే బంధాన్నే పనికి ఆధారంగా తీసుకునేది) 12 వారాల మాడ్యూల్ తయారుచేస్తున్నాం, హైదరాబాద్‌లో. శనివారాలు మూడేసి గంటలు. అందరి చేతిలోనూ ఇద్దరు ముగ్గురు క్లయింట్లు ఉన్నారు. సిద్ధాంతానికి ఇబ్బంది లేదు, ఈ పద్ధతి మీద రాసిన మిచెల్ దగ్గర్నుంచి బెంజమిన్, బ్రాంబర్గ్ దాకా చదివించగలం. చిక్కంతా సెల్ఫ్ అవేర్‌నెస్ (తనలో ఏం జరుగుతోందో తనకు తెలియడం) దగ్గరే. మామూలుగా చేసేది గుండ్రంగా కూర్చోబెట్టి జీవితరేఖ గీయించడం, చిన్నప్పటి సంగతులు చెప్పించడం. కన్నీళ్లొస్తాయి, గ్రూపు దగ్గరవుతుంది. తర్వాతి వారం ట్రైనీల సెషన్ రికార్డింగ్ వింటే మాత్రం క్లయింట్ మాట ఆగిన చోటల్లా అదే కంగారు, అవే సలహాలు. సెషన్‌లో పనికొచ్చేలా దీన్ని ఎలా నేర్పాలో అంచెలంచెలుగా చెప్పగలరా?

టేప్_దగ్గర:

తన గతం తనకు తెలిసుండటం వేరు, ఎదుటి మనిషి మాట్లాడుతుండగా తనలో ఏం కదులుతోందో అప్పటికప్పుడు పసిగట్టడం వేరు. మొదటిదానికి ట్రైనీ సొంత థెరపీ ఉంది. రెండోది మీరు నేర్పాల్సింది, దానికి రికార్డింగ్ తప్పనిసరి.

1960ల్లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ కేగన్ బృందం రూపొందించిన ఇంటర్‌పర్సనల్ ప్రాసెస్ రీకాల్‌తో మొదలుపెట్టండి, అంటే సెషన్ రికార్డింగ్‌ని ఆపి ఆపి వింటూ అప్పుడు లోపల ఏం జరిగిందో గుర్తుచేసుకోవడం. ముగ్గురేసి కూర్చోవాలి. పది మంది కాబట్టి ఒక గుంపులో నలుగురు వస్తారు, వాళ్లలో ఒకరు ఆ వారం చూసేవాళ్లు. రికార్డింగ్ తెచ్చినవాళ్ల చేతిలోనే పాజ్ బటన్ ఉండాలి. పక్కన కూర్చునే రెండోవాళ్లు అడిగేవాళ్లు మాత్రమే. సలహా ఇవ్వకూడదు, మెచ్చుకోకూడదు, ‘ఇలా అనుంటే బాగుండేది’ అనకూడదు. మూడోవాళ్లు టైం చూస్తూ, అడిగేవాళ్లు ఎక్కడ సూపర్‌వైజర్ అవతారం ఎత్తారో రాసిపెట్టుకోవాలి. ఐదారు నిమిషాల టేపుకి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, మాట్లాడుకోడానికి మరో పది. ముగ్గురి వంతూ రెండు గంటల్లోపు అయిపోతుంది.

అడగాల్సిన ప్రశ్నలు నాలుగైదు చాలు. ఆ క్షణంలో ఏం అనాలనిపించి ఆగిపోయారు? ఒంట్లో ఎక్కడ తెలిసింది? క్లయింట్ మీ గురించి ఏమనుకుంటున్నారని అనిపించింది? ఆమె నుంచి మీకేం కావాలనిపించింది? అన్నీ భూతకాలంలోనే అడగాలి. ‘ఇప్పుడు చూస్తే ఏమనిపిస్తోంది’ అని అడిగారా, ట్రైనీ విశ్లేషణలోకి జారుకుంటారు, అప్పటి అనుభవం చెయ్యి జారిపోతుంది.

పాడయ్యే చోట్లు రెండు. టేపు పాతబడితే జ్ఞాపకం బదులు ఊహ వస్తుంది, సెషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో రీకాల్ జరగాలి. అందుకని శుక్రవారం సెషన్ల రికార్డింగులకి ముందు వంతు ఇవ్వండి. రెండోది, ట్రైనీ తనకి బాగా కుదిరిన భాగమే తెస్తారు. ‘మీరు మీ గొంతు గుర్తుపట్టలేని చోటు తీసుకురండి’ అని అడిగితే సరైన ముక్క వస్తుంది. గొంతు సన్నబడటం, వేగం పెరగడం, ఉన్నట్టుండి పుస్తకభాష రావడం ఇవన్నీ లోపల ఏదో జరిగిందనడానికి గుర్తులు.

మూడో_కుర్చీ:

పై పద్ధతి నాలుగు వారాలు నడిచాక రప్చర్ (థెరపిస్టుకీ క్లయింట్‌కీ మధ్య బంధం బెసికే క్షణం) పనిలోకి వెళ్లండి. దీని మీద పరిశోధించిన జెరెమీ సాఫ్రన్, క్రిస్టఫర్ మ్యురన్ చెప్పిన రెండు రకాలు తెలిసే ఉంటాయి: క్లయింట్ ఎదురుతిరగడం, క్లయింట్ వెనక్కి తగ్గడం. మన దగ్గర రెండోదే ఎక్కువ, పైగా అది మర్యాదగా కనిపిస్తుంది.

ఒక నమూనా చూడండి. ట్రైనీ శ్వాస ఎక్సర్‌సైజ్ వివరిస్తుంటే క్లయింట్ ‘అలాగే మేడమ్, మీరెలా చెప్తే అలాగే’ అంటుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. చూపు గడియారం మీదికి వెళ్లి వస్తుంది. ట్రైనీ ఆ ఒప్పుకోలుని విజయంగా తీసుకుని ఇంకో ఎక్సర్‌సైజ్ జోడిస్తుంది. మూడు వారాలకి క్లయింట్ రావడం మానేస్తుంది, ఫోన్ చేస్తే ‘ఇంట్లో ఫంక్షన్ ఉంది మేడమ్’.

క్లాసులో ఇలా చెయ్యండి. ట్రైనీ తన క్లయింట్ పాత్ర వెయ్యాలి, ఇంకొకరు థెరపిస్ట్. ఐదు నిమిషాలయ్యాక మధ్యలో ఆపి, ‘అలాగే మేడమ్’ అన్నప్పుడు లోపల ఏముందో ఆ పాత్రలోంచే చెప్పమనండి. చాలాసార్లు విసుగో, భయమో, ‘ఈవిడకి నా ఇల్లు అర్థం కాలేదు’ అన్న మాటో బయటికొస్తుంది. తర్వాత కుర్చీలు మార్చి ట్రైనీ తన స్థానంలోకి రావాలి. ఈసారి ఆపినప్పుడు ఒకటే అడగండి: ‘ఇప్పుడేం తప్పించుకుంటున్నారు?’ మొత్తం ముప్పావుగంట.

అప్పుడు మాట కట్టడం నేర్పాలి. ‘మీరు నన్ను దూరం పెడుతున్నారు’ అంటే నింద. ‘ఇందాక నేను ఆ ఎక్సర్‌సైజ్ చెప్తుంటే కాస్త తొందరపడ్డానేమో అనిపిస్తోంది. మీరు సరే అన్నారు, కానీ మీ మనసు ఇంకెక్కడో ఉన్నట్టు తోచింది. నేను పొరబడి ఉండొచ్చు, మీకెలా ఉంది?’ ఇందులో తన వంతు ముందు ఒప్పుకోవడం ఉంది, కాదనే దారి క్లయింట్‌కి తెరిచి ఉంది, మాట ఇప్పుడు ఇక్కడ జరుగుతున్న దాని గురించి ఉంది. ఈ మూడూ ఉన్నాయో లేదో గ్రూపు చూడాలి. ఒక్కొక్కరూ కనీసం ఐదారుసార్లు, వేర్వేరు రప్చర్ల మీద, బయటికే అని సాధన చెయ్యాలి. కాగితం మీద రాయిస్తే గదిలో నోరు పెగలదు.

చేదబావి:

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. థెరపిస్టుకి కలిగే భావం క్లయింట్ గురించి సమాచారం కావచ్చని 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ వాదించారు. దాన్ని సగం చదివి ‘నాకు కోపం వచ్చిందంటే అది ఆయన కోపమే’ అనే ట్రైనీలు తయారవుతున్నారు. ఇది ప్రమాదం. తన సొంత గాయాన్ని క్లయింట్ ఖాతాలో రాసేస్తారు.

దీనికి మూడు నిలువు గడుల నోట్స్ పెట్టించండి. మొదటి గడిలో క్లయింట్ అన్న మాట, ఉన్నదున్నట్టు. రెండో గడిలో ఆ క్షణంలో తనకి కలిగినది. మూడో గడిలో అదే భావం ఇంకెవరి దగ్గర కలుగుతుంది. ఇంట్లో, ఇతర క్లయింట్ల దగ్గర, ప్రొఫెసర్ దగ్గర. ఎక్కడికెళ్లినా అదే కలుగుతుంటే అది ముందుగా ట్రైనీ పని. ఈ క్లయింట్ దగ్గరే, ఈ విషయం వచ్చినప్పుడే కలిగితే అప్పుడు క్లయింట్ వైపు చూడాలి. సెషన్‌కి ఇరవై నిమిషాలకి మించి రాయనక్కర్లేదు.

ఇంకోటి, మన పుస్తకాల్లో పెద్దగా కనిపించనిది. మొదటి సెషన్‌లోనే క్లయింట్ ‘మీదే ఊరు మేడమ్? ఇంటిపేరేంటి?’ అని అడుగుతారు. కులం తెలుసుకోడానికే ఎక్కువసార్లు. ట్రైనీ ఆ క్షణంలో పొడిగా జవాబిస్తారు, లేదా నవ్వేసి దాటేస్తారు. రెండిట్లోనూ ట్రైనీ సొంత గర్వమో, సిగ్గో, భయమో పనిచేస్తుంది. ప్రతి ట్రైనీ ఒక పేజీలో తన కులం, ప్రాంతం, మతం, చదువుకున్న మీడియం, పెళ్లి సంగతి రాసి, వీటిలో ఏది బయటపడితే తన గొంతు మారుతుందో గుర్తించాలి. ఈ పేజీ ఎవరికీ చూపించనవసరం లేదు. చదివించి చర్చ పెడితే గ్రూపులో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లే బోనులో నిలబడతారు.

శనివారం_బ్యాచ్:

చాలా ఉపయోగం. మార్కులు వేసేదీ మేమే. ట్రైనీలు నిజం చెప్తారా? రికార్డింగ్ వద్దనే క్లయింట్లు ఉంటే? పని జరిగిందని ఎలా తెలుస్తుంది?

టేప్_దగ్గర:

మార్కులు వేసే మనిషి రీకాల్ గుంపులో కూర్చోకూడదు, ఇందులో బేరం లేదు. 1920లో మొదలైన బెర్లిన్ మనోవిశ్లేషణ ఇన్‌స్టిట్యూట్ నుంచే సొంత విశ్లేషణ, సూపర్‌విజన్ (అనుభవజ్ఞుల పర్యవేక్షణ), చదువు అని మూడు కాళ్ల మీద శిక్షణ నిలబడింది. మీరు సూపర్‌విజన్, చదువు చూసుకోండి. మొదటిది బయటివాళ్ల దగ్గర. గ్రూపులో ట్రైనీ జీవితం గురించి మూడు వాక్యాలు దాటితే ‘ఇది ఈ క్లయింట్ దగ్గర ఎక్కడ అడ్డొస్తోంది?’ అని వెనక్కి తీసుకురండి. జవాబు లేకపోతే అది సొంత థెరపీకి తీసుకెళ్లాల్సిన విషయం. మార్కులు నోట్స్ క్రమంగా రాశారా, రప్చర్ గుర్తుపట్టారా అనేదాని మీదే.

రికార్డింగ్‌కి రాతపూర్వక అంగీకారం, తెలుగులో. ఎవరు వింటారు, ఎన్నాళ్లుంటుంది, ఎప్పుడైనా వద్దనొచ్చు అన్నవి స్పష్టంగా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ గోప్యతని హక్కుగా చెప్పింది, కాబట్టి ఫైలు వాట్సాప్‌లో తిరగకూడదు, రీకాల్ అవ్వగానే చెరిపేయాలి. వద్దన్నవాళ్లని ఒత్తిడి చెయ్యొద్దు. ఆ సెషన్ అయిన వెంటనే ట్రైనీ జ్ఞాపకం నుంచి పది నిమిషాల సంభాషణ మాట మాటగా రాయాలి. ఎక్కడ గుర్తులేదో అక్కడ ఖాళీ వదలాలి, పూరించకూడదు. ఆ ఖాళీల దగ్గరే రీకాల్ చెయ్యొచ్చు.

మూడో_కుర్చీ:

థెరపిస్ట్, క్లయింట్ కలిసి పనిచేయడం ఎలా ఉందో కొలవడానికి, సైకాలజిస్ట్ బోర్డిన్ 1979లో చెప్పిన లక్ష్యం, పని, బంధం ఆధారంగా వచ్చిన వర్కింగ్ అలయన్స్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళి చిన్న రూపం ఉంది, 12 ప్రశ్నలు. మొదటి, ఆరో, పన్నెండో వారాల్లో క్లయింట్‌తో నింపించండి. అయితే థెరపిస్ట్ ఎదురుగా నింపితే మన క్లయింట్లు ఫుల్ మార్కులు వేసేస్తారు. రిసెప్షన్‌లో నింపి కవర్లో వెయ్యమనండి. ట్రైనీకి విడి స్కోర్లు కాకుండా, ఏ ప్రశ్నలో తగ్గిందో మాత్రమే, అదీ క్లయింట్ ఒప్పుకుంటేనే చూపించండి. స్కోరు మధ్యలో ఒకసారి పడి మళ్లీ లేచిందంటే కంగారుపడకండి. ఆ వారం మూడు గడుల నోట్స్ చూడండి. క్లయింట్ మొదటిసారి ‘కాదు మేడమ్, అలా కాదు’ అన్నది అక్కడే దొరకొచ్చు.