విదేశంలో చదువుకుంటున్న విద్యార్థి మరణం: ‘నిర్ధారించలేకపోయాం’ అంటే కుటుంబం ఒప్పుకోవాలా?

నీలిమేఘం

మా పిన్ని కొడుకు అమెరికాలో ఎంఎస్ రెండో ఏడాది చదువుతూ చనిపోయాడు. అతడితో కలిసి ఉండే ఇద్దరూ సెలవులకు వేరే ఊరు వెళ్లారు. తిరిగివచ్చి గది తలుపు ఎంత తట్టినా పలకకపోవడంతో పోలీసులను పిలిచారు. లోపలి నుంచి తాళం వేసి ఉంది. ఒంటి మీద గాయాలు లేవు. దాదాపు మూడు నెలలకు మెడికల్ ఎగ్జామినర్ (ఇలాంటి మరణాలకు కారణం తేల్చే అధికారి) నివేదిక వచ్చింది. మరణ కారణం అన్న చోటా, మరణం ఏ తరహాది అన్న చోటా ఒకటే రాశారు: నిర్ధారించలేకపోయాం. ఆ వెంటనే పోలీసులు కేసు మూసేశారు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. లాయరును పెట్టి, పత్రికలకెక్కి, నలుగురికీ తెలిసేలా నిలదీయాలని బాబాయి పట్టుదల. కొడుకు పేరు వీధిన పడితే చూడలేనని పిన్ని. నన్ను అడిగితే ఏమి చెప్పాలో తోచడం లేదు. ఇలాంటి నివేదికను చివరి మాటగా తీసుకోవాలా, పోరాడాలా? పోరాడితే ఎవరిని ఏమని అడగాలి?

ప్రశ్నార్థకం

పోరాడాలి. ఊగిసలాటకు తావే లేదు.

స్థానిక విద్యార్థి చనిపోతే తల్లిదండ్రులు తెల్లవారేసరికి పోలీస్ స్టేషన్‌లో ఉంటారు. విదేశీ విద్యార్థి తల్లిదండ్రుల చేతికి వీసా వచ్చేలోపే గది ఖాళీ చేయించి, శుభ్రం చేసి, మరొకరికి అద్దెకు ఇచ్చేస్తారు. సీసీ కెమెరాల్లో పాత రికార్డింగు చాలా చోట్ల కొన్ని వారాలకే చెరిగిపోతుంది. ఎవరూ అడగరని తెలిసిన చోట ఎవరూ వెతకరు.

ఆ తాళం సంగతే చూడండి. ‘లోపలి నుంచి’ అని రాసింది తలుపు తెరిచిన పోలీసా, స్నేహితులు చెప్పిందే రాసుకున్నారా? చాలా అపార్టుమెంట్లలో తలుపు లాగితే దానంతట అదే తాళం పడుతుంది. ఎవరైనా బయటికి వెళ్తూ లాగేసినా, తర్వాత వచ్చినవారికి లోపలి నుంచి వేసినట్లే ఉంటుంది. లోపలి గొళ్లెమా, లాగితే పడే తాళమా? ఈ ఒక్క ముక్క నివేదికలో లేకపోతే అది దర్యాప్తు ఎలా అవుతుంది? మీ బాబాయి గారి మాటే సరైనది. మౌనంగా ఉన్న కుటుంబానికి ఏ అధికారీ రెండోసారి ఫోను చేయడు.

ల్యాబ్‌కోటు

నేను ఫోరెన్సిక్ పాథాలజీలో, అంటే శవపరీక్షతో మరణ కారణం తేల్చే విభాగంలో, పనిచేస్తాను. నీలిమేఘం గారూ, ముందుగా మీ పిన్ని, బాబాయిలకు నా సానుభూతి.

ఆ పత్రంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉంటాయి. కారణం అంటే శరీరంలో ఏమి జరిగిందన్నది. తరహా అంటే అది ఏ పరిస్థితుల్లో జరిగిందన్నది. అమెరికా మరణ ధ్రువీకరణ పత్రంలో రెండో దానికి గళ్లు ఉంటాయి: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, దర్యాప్తులో ఉంది, నిర్ధారించలేకపోయాం. ఆధారం లేకుండా ‘సహజం’ అని టిక్కు పెట్టి చేతులు దులుపుకోవడం ఏ డాక్టరుకైనా తేలిక. అలా చేయని డాక్టరును నేను అనుమానించను. కొత్త ఆధారం వస్తే ఆ పత్రాన్ని సవరించే వీలు కూడా ఉంది.

యువతీయువకుల హఠాన్మరణాల్లో శవపరీక్షకు ఏమీ దొరకకపోవడం అరుదు కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1 నుంచి 35 ఏళ్ల లోపు హఠాత్తుగా గుండె ఆగి చనిపోయిన 490 మందిపై చేసిన పరిశోధన 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అన్ని పరీక్షలూ చేశాక కూడా 40 శాతం మందిలో కారణం తెలియలేదు. అలాంటి వారిలో 113 మందికి జన్యుపరీక్ష చేస్తే, 27 శాతం మందిలో గుండెజబ్బుకు సంబంధించిన జన్యులోపం బయటపడింది. లాంగ్ క్యూటీ, బ్రుగాడా వంటి జబ్బులు గుండె లయను దెబ్బతీస్తాయి. లయ ఆగిపోయాక ఆ లోపం కంటికీ చిక్కదు, మైక్రోస్కోపుకూ చిక్కదు. గుండె చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు నిద్రలో హఠాత్తుగా పోయినప్పుడూ ఇంతే.

కాబట్టి మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయాన్ని మీరు అడగాల్సింది ఇది: జన్యుపరీక్షకు పనికొచ్చేలా రక్తం దాచారా? ఊదారంగు మూత ఉండే ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం ఉన్న గొట్టం) తీసిన రక్తం కావాలి. కుళ్లకుండా ఫార్మాలిన్ ద్రవంలో ఉంచిన కణజాలంలో డీఎన్ఏ దెబ్బతింటుంది. నమూనాలను కలకాలం ఉంచరు, గడువు దాటితే పారవేస్తారు. అందుకే పారవేయవద్దని ఈ వారమే రాతపూర్వకంగా కోరండి.

ఇంకొక మాట, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ అబ్బాయికి అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉన్నారా? ఉంటే వారినీ తల్లిదండ్రులనూ ఈ నివేదికతో సహా గుండె వైద్యుడికి చూపించండి. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. లోపం వంశపారంపర్యమైతే ఇంట్లో మరొకరికీ ఉండవచ్చు, దానికి చికిత్స ఉంది.

ప్రశ్నార్థకం

డాక్టరు గారూ, మీ గొట్టం సంగతి మంచిదే, అడగమనండి. కానీ ఈ జన్యువుల మాట పోలీసులకు ఎంత అనుకూలమో గమనించారా? ‘ఏదో గుండెజబ్బు అయి ఉంటుంది లెండి’ అని ఒక్కరు అంటే చాలు, తలుపూ ఫోనూ చివరిసారి కలిసిన మనిషీ అందరి మనసుల్లోంచి జారిపోతారు. గాయం లేనంత మాత్రాన మరొకరి ప్రమేయం లేదని మీరు ప్రమాణం చేసి చెప్పగలరా?

ల్యాబ్‌కోటు

చెప్పలేను. ఊపిరి ఆడకుండా చేసిన కొన్ని మరణాల్లో దేహంపై ఆనవాళ్లు చాలా స్వల్పంగా ఉంటాయి. రక్తంలో మందులు, విషాలు వెతికే మామూలు టాక్సికాలజీ పరీక్ష అన్ని రసాయనాలనూ పట్టుకోదు, ల్యాబ్ జాబితాలో ఉన్నవాటినే వెతుకుతుంది. అందుకే ఏ పదార్థాల కోసం వెతికారు, రక్తం ఎక్కడి నుంచి తీశారు అని కూడా అడగాలి. చనిపోయాక కొన్ని మందులు అవయవాల్లోంచి గుండెలోని రక్తంలోకి చేరి మోతాదు ఎక్కువైనట్లు చూపిస్తాయి. తొడ సిర నుంచి తీసిన రక్తాన్ని నమ్మవచ్చు. నేను పోలీసుల పక్షాన మాట్లాడటం లేదు. జవాబు రాగల ప్రశ్నలు అడగమంటున్నాను.

సాక్షిసంతకం

ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయంలో చాలాకాలం పనిచేశాను. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో చెబుతాను.

కేసు మూసేశారని బాధపడుతున్నారు. దర్యాప్తు నడుస్తుండగా ఫైలు అడిగితే సాధారణంగా ఇవ్వరు. మూసేస్తే చాలా రాష్ట్రాల్లో పబ్లిక్ రికార్డుల చట్టం కింద అడగవచ్చు. ఎమర్జెన్సీ కాల్ రికార్డింగు, తలుపు తెరిచిన అధికారి రాసిన నివేదిక, గది ఫొటోలు, స్నేహితుల వాంగ్మూలాలు అన్నీ పేరుపేరునా అడగండి. ప్రశ్నార్థకం గారి తాళం ప్రశ్నకు జవాబు ఆ ఫొటోల్లో ఉంటుంది, పత్రికల్లో ఉండదు.

విశ్వవిద్యాలయం ‘గోప్యత చట్టం ఒప్పుకోదు’ అనవచ్చు. వారు చెప్పేది విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం గురించి. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థికి ఆ చట్టం ఇచ్చే రక్షణ అతడి మరణంతో ముగుస్తుంది. ఆ తర్వాత రికార్డులు ఇవ్వడం, ఇవ్వకపోవడం సంస్థ విధానాన్ని బట్టి ఉంటుంది. ఇవ్వడాన్ని ఫెర్పా అడ్డుకోదు. కాబట్టి ‘చట్టం’ అన్నప్పుడల్లా ఏ చట్టం, ఏ సెక్షన్ అని మర్యాదగా రాతలో అడగండి. బయటి ఆసుపత్రి రికార్డులకు వేరే దారి ఉంది: చనిపోయిన వ్యక్తి ఆస్తిపాస్తుల వ్యవహారాలు చూసే ప్రతినిధిగా అక్కడి కోర్టు ఒకరిని నియమిస్తే, వైద్య రికార్డులు అడిగే హక్కు వారికి వస్తుంది. లాయరుకు డబ్బు పెట్టేటట్లయితే ముందు ఈ పనికి పెట్టండి.

కాన్సులేట్‌ను కూడా వదలకండి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 37వ అధికరణం ప్రకారం, విదేశీయుడు మరణించిన సమాచారం అందిన అధికారులు ఆలస్యం లేకుండా అతడి దేశపు కాన్సులేట్‌కు తెలియజేయాలి. ఎప్పుడు తెలిపారో, ఎవరు తెలిపారో అడిగితే ఆ తొలి రోజుల క్రమం తెలుస్తుంది.

తెల్లకాగితం

బాబాయి గారి బాధ అర్థమవుతోంది. అయినా బహిరంగ ప్రచారానికి నేను పూర్తిగా వ్యతిరేకం. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత, అప్పటికే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థే నిందితుడని రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో ప్రచారం చేశారు. కొడుకు కోసం వెతుక్కుంటున్న కుటుంబం మీద ముక్కూమొహం తెలియని జనం విరుచుకుపడ్డారు. తర్వాత అతడి మృతదేహం దొరికింది. పేలుళ్లతో అతడికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ క్షమాపణ చెప్పింది, కానీ ఆ రోజులను ఎవరు వెనక్కి ఇస్తారు?

ఇక్కడ ఆ ఇద్దరు స్నేహితుల గురించి ఎవరైనా ఆలోచించారా? వారూ పరాయి దేశంలో వీసా మీద చదువుకుంటున్న పిల్లలే. స్నేహితుడు చనిపోయిన ఇంట్లోకి అడుగుపెట్టింది వారే. పేర్లు బయటికి వస్తే జనం వేలెత్తి చూపేది వారినే. ఆపైన వారు లాయరును పెట్టుకుని నోరు మూసుకుంటారు, మీకు దొరకాల్సిన సమాచారం అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్నార్థకం

నేను ఎవరి పేర్లూ పెట్టమనలేదు. సంస్థను నిలదీయమన్నాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఉత్తరాలు రాసి, ఆరు నెలల తర్వాత రెండు పంక్తుల జవాబు అందుకున్న కుటుంబాలు ఉన్నాయి. వారికి మీరు చెప్పేది ఇంకొక ఉత్తరం రాయమనేనా?

ఒక తండ్రి

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. మా అమ్మాయి ఇంగ్లాండ్‌లో చదువుతూ హాస్టల్ గదిలో చనిపోయింది. కారణం ఈనాటికీ తెలియదు.

అక్కడ ఇలాంటి మరణంపై కరోనర్ అనే న్యాయాధికారి బహిరంగ విచారణ జరుపుతారు. చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న నాలుగు ప్రశ్నలకే జవాబు వెతుకుతారు. తప్పు ఎవరిదో తేల్చరు. కానీ కుటుంబం సాక్షులను నేరుగా ప్రశ్నించవచ్చు. అమెరికాలో చాలా చోట్ల ఈ ఏర్పాటు లేదని తెలిసి ఆశ్చర్యపోయాను.

హాస్టల్ తలుపు కార్డుల పట్టికను కోర్టులో చూపించారు. మా అమ్మాయి కార్డు చివరి నమోదు గురువారం రాత్రి 11:42. తలుపు తెరిచింది మంగళవారం. ఈ మధ్యలో ఒక ల్యాబ్ క్లాసుకూ ఒక పరీక్షకూ రాలేదు. ‘మీలో ఒక్కరైనా వెళ్లి ఎందుకు తలుపు తట్టలేదు?’ అని వార్డెన్‌ను అడిగాను. అలాంటి నియమం లేదన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే లేదు. మరిన్ని మరణాలను నివారించాల్సిన అవసరం ఉందని కరోనర్ ఆ కాలేజీకి నివేదిక పంపారు. దానికి 56 రోజుల్లో జవాబు ఇవ్వడం తప్పనిసరి. తీర్పు మాత్రం ‘ఓపెన్’ అనే వచ్చింది, అంటే తేలలేదనే.

ప్రశ్నార్థకం గారూ, మీ కోపం నాకు పరాయిది కాదు. కానీ మా అమ్మాయి ఎలా పోయిందన్న ప్రశ్న, ఆ నాలుగు రోజులు ఎవరూ చూడలేదెందుకన్న ప్రశ్న వేర్వేరు. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి వచ్చింది. నీలిమేఘం గారూ, మీవాడిని చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు? క్లాసుకు రాకపోతే ఎవరైనా పట్టించుకున్నారా? ఇవి విశ్వవిద్యాలయాన్ని అడగండి. అవసరమైతే గట్టిగా, అందరికీ వినిపించేలా అడగండి. ఆ విషయంలో నేను మీ బాబాయి గారి వైపే.

తెల్లకాగితం

ఆ ప్రశ్నలతో నాకు పేచీ లేదు. ఒక సందేహం: రెండో శవపరీక్ష చేయించే అవకాశం ఇంకా ఉందా?

ల్యాబ్‌కోటు

అంత్యక్రియలు అయిపోయి ఉంటే లేదు. కాకపోయినా, మృతదేహాన్ని విమానంలో పంపేముందు సాధారణంగా ఎంబామింగ్ చేస్తారు, అంటే పాడవకుండా రసాయనాలు ఎక్కిస్తారు. ఆ రసాయనాలు ఆల్కహాలు, సైనైడ్ పరీక్షలను పనికిరాకుండా చేస్తాయి. రెండో అభిప్రాయం కావాలనుకునే కుటుంబం ఆ సంగతి ఎంబామింగ్‌కు ముందే చెప్పాలి. అయితే గుండెకోత మధ్య అది ఎవరికి గుర్తుంటుంది? ఇప్పుడు మిగిలేవి మైనంలో భద్రపరిచిన కణజాలపు దిమ్మెలు, స్లైడ్లు, రక్తం. వాటిని మరో నిపుణుడు చూడవచ్చు.

నీలిమేఘం

అందరికీ కృతజ్ఞతలు. అంత్యక్రియలు ఎప్పుడో అయిపోయాయి. నివేదిక మళ్లీ తీసి చదివాను. తాళం ఏ రకమో ఎక్కడా లేదు. రక్తం తొడ సిర నుంచే తీశారు. జన్యుపరీక్ష ప్రస్తావన లేదు. వాడికి చెల్లెలు ఉంది, ఇంటర్ చదువుతోంది. గుండె వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామంటే పిన్ని వెంటనే ఒప్పుకుంది. నమూనాలు పారవేయవద్దని ఉత్తరం బాబాయి సంతకంతో రేపు వెళ్తుంది. పత్రికల సంగతి ఇంకా తేలలేదు. పోలీసు ఫైలు వచ్చేదాకా ఆగమని బాబాయిని బతిమాలుతున్నాను.

వాడి ఫోను సీలు వేసిన కవరులో తిరిగి వచ్చింది. ఇంతవరకూ ఎవరూ తెరవలేదు. ఇప్పుడు తెరిచి చూడమంటారా?

ప్రశ్నార్థకం

సీలు అలాగే ఉందంటే పోలీసులు అందులోకి చూశారో లేదో ముందు వారినే అడగండి. చూడకుండానే కేసు మూసేశారంటే, పత్రికలకు వెళ్లే రోజు మీరు అనుకుంటున్నంత దూరంలో లేదు.

సాక్షిసంతకం

మీరు తెరవకండి. ఆన్ చేస్తే నెట్‌వర్క్‌కు కలిసి కొత్త సందేశాలు దిగుతాయి, కొన్ని నమోదులు మారిపోతాయి. పాస్‌వర్డు తప్పు కొడుతూ పోతే శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. డిజిటల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ముందు నకలు తీయించి, ఆ నకలులోనే వెతికించండి. కవరును రెండు వైపులా ఫొటో తీయండి. దాని మీద అధికారి సంతకం, తేదీ, కేసు నంబరు ఉంటాయి. పోలీసు ఫైలు కోసం పెట్టే దరఖాస్తులో ఆ నంబరే రాయండి.