మూసిన వ్యానులో రెండు బైకులు, వంట సామాను: కదలకుండా కట్టడం ఎలా?

పాలకొల్లు_రైడర్

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి బొలెరో పికప్ ఉంది, వెనక పూర్తిగా మూసిన రేకు బాడీ. రొయ్యల మేత బస్తాలు తోలడానికి కట్టించారు. లోపల పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగుల 8 అంగుళాలు. నేను, మా బావ కలిసి బైకులు అందులో ఎక్కించుకుని మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం. అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో బైకులు నడిపి, రాత్రికి వ్యానులోనే పడుకోవాలని ప్లాన్.

నాది హిమాలయన్ 411, బావది ఎక్స్‌పల్స్ 200. వీటితో పాటు చిన్న గ్యాస్ సిలిండరు, స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, రెండు పరుపులు, టూల్ బాక్సు, ఒక పెట్రోలు క్యాను కూడా వస్తాయి.

భయం ఎందుకంటే, ఇంతకు ముందు బావ బండిని విజయవాడ నుంచి ఒక ట్రాన్స్‌పోర్టులో వేయించాం. వాళ్లు సైడు స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిల్‌కి నైలాన్ తాడు చుట్టి పంపారు. దించి చూస్తే క్లచ్ లివరు వంగిపోయి ఉంది, ట్యాంకు మీద సొట్ట. అడిగితే "రోడ్డు అలాంటిదండీ" అన్నారు. ఈసారి కట్టేది మేమే కాబట్టి పద్ధతి తెలుసుకుని కట్టాలి. బండి స్టాండు మీద ఉంచాలా? బెల్టు ఎక్కడ తగిలించాలి? మా బాడీలో లోపల కొక్కేలేమీ లేవు. మిగతా సామాను ముందు పెట్టాలా, వెనకా?

రావులపాలెం_వ్యాను

తమ్ముడూ, నేను కోనసీమ షోరూములకి కొత్త బండ్లు తోలుతాను, కాబట్టి ఇది నా రోజువారీ పనే. నువ్వు అడిగినవాటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం.

స్టాండు వద్దు, సైడు స్టాండైనా సెంటర్ స్టాండైనా. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలబడాలి. ముందు చక్రం కేబిన్ వైపు గోడకి ఆనాలి, దాన్ని రెండు పక్కలా చెక్కతో బంధించాలి. పడిపోకుండా పట్టుకోవలసింది బెల్టులే. సైడు స్టాండు మీద వాలిన బండిని కిందికి లాగి కట్టారనుకో, గుంత వచ్చిన ప్రతిసారీ దెబ్బంతా ఆ చిన్న ఇనుప కాలు మీదే పడుతుంది. ఆ కాలు వంగుతుంది, లేదంటే దాన్ని పట్టుకున్న బ్రాకెట్ చీలుతుంది. మీ బావ బండి ట్యాంకుకి సొట్ట కూడా అలా ఊగి ఊగి పక్కనున్నదేదో తగిలే పడి ఉంటుంది.

ఇక బెల్టు. హ్యాండిల్ చివర్లకి కట్టొద్దు. అక్కడ లివర్లు, స్విచ్‌లు, కేబుళ్లు ఉంటాయి, పైగా హ్యాండిల్ తిరుగుతుంది. కిందికి వంగి చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలనీ (ఫోర్కులు) కలిపే కింది ప్లేటు కనిపిస్తుంది. రెండు పక్కలా దాని చుట్టూ మెత్తటి గుడ్డ బెల్టు ఉచ్చు వేసి, రాట్చెట్ బెల్టు (పళ్ల చక్రంతో బిగించే బెల్టు) కొక్కెం ఆ ఉచ్చులో తగిలించు. ఇనుప కొక్కెం నేరుగా బండికి తగలకూడదు. అక్కడి నుంచి బెల్టు ముందుకీ పక్కకీ, దాదాపు 45 డిగ్రీల వాలులో నేలకి దిగాలి. మరీ నిలువుగా దిగితే పక్క ఊగుడు ఆగదు. మరీ అడ్డంగా పోతే బండి కిందికి నొక్కుకోదు.

బిగించేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు బండి మీద కూర్చుని రెండు చేతులతో హ్యాండిల్ మీద బరువు వేసి ముందు భాగాన్ని నొక్కాలి. రెండోవాళ్లు కుడి బెల్టు రెండు పళ్లు, ఎడమ బెల్టు రెండు పళ్లు, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ, అలా మార్చి మార్చి బిగించాలి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకి వెళ్తే బండి వాలిపోతుంది. ఎంతవరకు బిగించాలో ఫోర్కే చెబుతుంది. మెరిసే గొట్టం మీద ధూళి గీత ఒకటి కనిపిస్తుంది చూడు, దాన్ని గుర్తు పెట్టుకో. హిమాలయన్ ముందు ఫోర్కుకి 200 మిల్లీమీటర్ల కదలిక ఉంది. అందులో మూడో వంతు నుంచి సగం దాకా దిగితే చాలు. అసలు నొక్కకుండా కడితే, గుంతలో ఫోర్కు దిగిన క్షణంలో బెల్టు వదులై కొక్కెం జారి ఊడిపోతుంది. పూర్తిగా అణగదొక్కేస్తే ఫోర్కు కదలడానికి చోటే ఉండదు, ఆ దెబ్బంతా బెల్టు మీదా, దాన్ని నేలకి పట్టి ఉంచే రింగు మీదా పడుతుంది. సగం దిగిన ఫోర్కు స్ప్రింగు పైకి తోస్తూనే ఉంటుంది కాబట్టి బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది.

వెనక రెండు బెల్టులు ఫుట్ రెస్ట్ బ్రాకెట్ దగ్గర ఫ్రేముకి వెయ్యి. సైలెన్సరుకి వద్దు, వెనక పట్టుకునే రాడ్డుకీ వద్దు. వాటిని ముందువాటిలా గట్టిగా లాగక్కర్లేదు, వెనక చక్రం పక్కకి గెంతకుండా ఉంటే చాలు. గేరు ఫస్టులో వేసి వదిలెయ్.

నైలాన్ తాడు మాత్రం వద్దే వద్దు. బరువు పడితే సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. మన వైపు గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా. అల్లిన పాలిస్టర్ రాట్చెట్ బెల్టు తీసుకో. దాని మీద కుట్టిన లేబుల్‌లో ఎల్‌సీ అనే అక్షరాల పక్కన డెకాన్యూటన్లలో ఒక అంకె ఉంటుంది, బెల్టు ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పేది అదే. ఒక డెకాన్యూటన్ అంటే సుమారు ఒక కిలో బరువు లాగుడు. లేబుల్ లేని బెల్టు సగం ధరకి ఇచ్చినా తీసుకోకు.

రెండు బండ్లూ పక్కపక్కనే సమంగా పెడితే నీ వెడల్పులో హ్యాండిళ్లు కొట్టుకుంటాయి. హిమాలయన్‌ని ముందు గోడ దాకా తోసి, ఎక్స్‌పల్స్‌ని ఒకటిన్నర అడుగు వెనక్కి పెట్టు. దాని చక్రం ముందున్న ఖాళీని చెక్కతో నింపు. నీకు 9 అడుగుల పొడవుంది కాబట్టి సరిపోతుంది.

భీమవరం_టు_టెక్సాస్

మాది భీమవరమే. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాం. మీరు చేద్దామనుకుంటున్నదాన్ని ఇక్కడ టాయ్ హాలర్ అంటారు. కారు వెనక లాక్కెళ్లే పెద్ద ట్రైలరు: ముందు సగం ఇల్లు, వెనక సగం బైకుల గ్యారేజీ, వెనక తలుపే కిందికి వాలి ర్యాంపు అవుతుంది. మాకు ఒకటి ఉంది. రావులపాలెం అన్న చెప్పిన కట్టే ఇక్కడా కడతారు, అక్షరం తేడా లేదు.

బెల్టు ఎంత బలంగా ఉండాలన్నదానికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో సరుకు లారీలకి ఫెడరల్ నిబంధన ఉంది. గట్టి బ్రేకు వేసినప్పుడు సరుకు బరువులో 0.8 వంతు ముందుకి తోసినా కట్టు ఆపాలి, పక్కకీ వెనక్కీ అయితే 0.5 వంతు. హిమాలయన్ 199 కిలోలు. అంటే ముందుకి దాదాపు 160 కిలోల తోపు, ఘాట్ మలుపులో పక్కకి దాదాపు 100 కిలోలు. ఇక్కడ మామూలుగా దొరికే అంగుళం బెల్టు తెగే బరువు 1,500 పౌండ్లు, వాడుకోదగ్గ బరువు అందులో మూడో వంతు, అంటే 500 పౌండ్లు, సుమారు 227 కిలోలు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తెగే బరువు. కొనేటప్పుడు చూడాల్సింది రెండోదాన్ని.

ట్రైలరుకీ వ్యానుకీ ఒక తేడా ఉంది. మా దాంట్లో గ్యారేజీ ఇరుసుకి వెనక పడుతుంది. బైకులు ఎక్కిస్తే, కావిడికి ఒక పక్కే బరువెక్కినట్టు కారుకి తగిలించే ముందు కొక్కెం మీద బరువు తేలిపోతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండకపోతే హైవే మీద ట్రైలరు పాములా ఊగడం మొదలుపెడుతుంది. మీది వ్యానే కాబట్టి ఆ బాధ లేదు. కానీ బరువంతా తలుపు దగ్గర పోగేస్తే ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది, ఘాట్‌లో స్టీరింగ్ తేలికవుతుంది. బరువున్నవన్నీ కేబిన్ గోడ వైపు, కింద పెట్టండి.

పాలకొల్లు_రైడర్

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. బెల్టులు ఎన్ని కావాలో ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు డౌట్లు. నేలకి రింగులు ఎలా బిగించాలి? మాది గళ్ల రేకు నేల. రెండోది, బావ వెనక పరుపు మీద కూర్చుని బండ్లు చూసుకుంటానంటున్నాడు, పర్లేదా?

గట్టుమీద_ఇల్లు

బాబూ, నేను ఆచంట నుంచి. బండ్ల గురించి నాకు తెలియదు గానీ గ్యాసు, పెట్రోలు గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మీరు పడుకునేది అందులోనే.

వ్యాను నడుస్తుండగా మీ బావగారిని వెనక కూర్చోబెట్టకండి. బండి తెగిపడితే ఆయన పట్టుకుని ఆపలేరు, దాని కింద పడతారు. సరుకు బాడీలో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం కూడా తప్పు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. సిలిండరులోని గ్యాసూ అంతే. అంటే మీరు నేల మీద పరుపు వేసుకుని పడుకుంటే మీ ముక్కు దగ్గరే చేరుతుంది. మూసిన రేకు డబ్బాలో ఎండకి ట్యాంకు వేడెక్కితే ఆవిరి ఇంకా ఎక్కువ వస్తుంది. చేరగానే బైకులు రెండూ, పెట్రోలు క్యానూ, సిలిండరూ బయటికి దించేయండి. తలుపులు రెండూ తెరిచి, నేల గాలి మారేదాకా పరుపు వేయకండి. వంట బయటే చేసుకోండి. వానొచ్చినా సరే స్టవ్వు లోపలికి తేవద్దు, చలి వేసిందని బొగ్గుల కుంపటి అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియనే తెలియదు. మారేడుమిల్లిలో డిసెంబరు, జనవరిలో రాత్రి చలి గట్టిగా ఉంటుంది. కుంపటి మీద ఆశపడకుండా దుప్పట్లు ఎక్కువ పట్టుకెళ్లండి.

పెట్రోలు అసలు క్యానులో దేనికి? రంపచోడవరంలో నింపుకోవచ్చు కదా.

రావులపాలెం_వ్యాను

అక్కగారు చెప్పింది అక్షరాలా పాటించు తమ్ముడూ. క్యాను మానెయ్. నీళ్ల డ్రమ్ము కూడా వద్దు. డ్రమ్ము సగం ఖాళీ అయ్యాక ప్రతి మలుపులోనూ నీళ్లు ఒక పక్కకి పోటెత్తుతాయి, ఎంత కట్టినా ఆ ఊపు ఆగదు. దాని బదులు 20 లీటర్ల క్యాన్లు మూత బిగించి, ముందు గోడకి వరసగా పేర్చి, అడ్డంగా ఒక బెల్టు వెయ్. టూల్ బాక్సుకి విడిగా ఇంకో బెల్టు. సిలిండరు నిలువుగానే ఉండాలి, రెగ్యులేటరు తీసేసి, మూత పెట్టి కట్టు. ఏ సామానునీ బండికి ఆనించి ఆపొద్దు, బండి బెల్టుకి దేన్నీ కట్టొద్దు. దేని కట్టు దానికే ఉండాలి. పరుపులు మాత్రం బండ్ల మధ్య నిలబెట్టుకో, ట్యాంకులకి గీతలు పడవు.

రింగుల సంగతి. గళ్ల రేకుకే స్క్రూ బిగిస్తే రేకుతో సహా ఊడి వస్తుంది. పక్క గోడల రేకూ అంతే, చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ లాగుడు తట్టుకోదు. బాడీ కిందికి దూరి చూడు, నేలని మోసే అడ్డ ఇనుప చానళ్లు కనిపిస్తాయి. డీ రింగులు (ఇంగ్లీషు D ఆకారం ఇనుప రింగులు) వాటి మీదికి వచ్చేలా కొలుచుకో. బోల్టు పై నుంచి కింద దాకా దిగాలి, అడుగున మందమైన ఇనుప ప్లేటు వేసి నట్టు బిగించాలి. ఒక్కో బండికి నాలుగు రింగులు. బాడీ కట్టిన వర్క్‌షాపు వాళ్లకే చెప్పు, ఒక పూట పని. వ్యాను ఛాసిస్‌కి మాత్రం చిల్లు పెట్టనివ్వకు, వెల్డింగూ చేయనివ్వకు. దాని బలం పోతుంది.

నేల మీద పశువుల కొట్టంలో వేసే రబ్బరు మ్యాటు పరుచు. తడి రేకు మీద టైరు జారుతుంది, మ్యాటు మీద జారదు.

ఎక్కించేటప్పుడు పొడవాటి చెక్క మీద మూడడుగుల ఎత్తుకి బండిని తోయడం కష్టం, ప్రమాదం కూడా. మన ఊళ్లలో గట్లకి కొదవ లేదు. వ్యానుని కాలవ గట్టుకి వెనక్కి ఆనించు, నేల ఎత్తూ బాడీ ఎత్తూ దాదాపు సమం అవుతాయి. చెక్క పై చివరని బాడీకి గొలుసుతో కట్టకుండా మాత్రం బండి ఎక్కించొద్దు. చక్రం తోపుకి చెక్క వెనక్కి జారిందంటే బండీ మనిషీ ఇద్దరూ కింద ఉంటారు. తలుపు పూర్తిగా మూయాలి. చక్రం బయటికి పెట్టి తలుపు తాడుతో కట్టి తోలేవాళ్లని చూస్తుంటాను. బయటికి పొడుచుకొచ్చిన లోడుకి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 20,000 రూపాయల జరిమానా రాసి ఉంది, వెనక వచ్చేవాళ్ల ప్రాణం సంగతి సరేసరి.

దారిలో మొదటి 20, 30 కిలోమీటర్లకే బెల్టులు సర్దుకుని కాస్త వదులవుతాయి. పెనుగొండ మీదుగా వస్తే సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కే ముందు ఆపి, ఒక్కో బెల్టునీ వేలితో మీటి చూడు, వదులుంటే ఒక పన్ను బిగించు. తర్వాత గోకవరంలో ఒకసారి, ఘాట్ ఎక్కే ముందు ఒకసారి. మిగిలిన బెల్టు కొస వేలాడకుండా చుట్టి ముడేసెయ్. ఇనుప అంచు మీదుగా పోయే చోట పాత ట్యూబు ముక్క వెయ్యి, లేకపోతే రాపిడికి అంచు నూలు నూలుగా తెగుతుంది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రమే అంతా కట్టేసి, మీ గట్టు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు దాటించి ఒక చుట్టు తిప్పు. తిరిగొచ్చి తలుపు తీసి ఒక ఫోటో ఇక్కడ పెట్టు, ఏదైనా కదిలి ఉంటే చూసి చెబుతాను.